పావులూరి మల్లన: లెక్కని తెలుగులో కట్టినాయన

గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా పర్చూరు దాటి ఇంకొల్లు వైపు వెళ్తే పావులూరు వస్తుంది. అక్కడి ఆంజనేయస్వామి గుడి వల్ల ఊరి పేరు చాలామందికి తెలుసు. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిర్చి, శనగ, పొగాకు, ఏ ఏడు దేనికి ధర ఉంటుందనిపిస్తే అది వేస్తారు. ఈ ఊరు మొదట గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి వెళ్ళింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 నుంచి బాపట్ల జిల్లా. ఈ జిల్లాలన్నిటికంటే ముందు ఈ ప్రాంతాన్ని కమ్మనాడు అనేవాళ్ళు. ఆ కమ్మనాటి పావులూరే తన ఊరని ఒక కవి తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన రాసింది భారతమూ కాదు, శతకమూ కాదు. గుణకారాలు, భాగహారాలు, వర్గాలు, ఘనాలు, భిన్నాలు. అన్నీ పద్యాల్లోనే.

ఆయన పేరు పావులూరి మల్లన. పుస్తకం పేరు సారసంగ్రహ గణితం. జనం మాత్రం పావులూరి గణితం అనే పిలిచారు, అంటే పుస్తకానికి ఊరి పేరే ఉండిపోయింది. తెలుగులో మనకి దొరికిన మొదటి శాస్త్ర గ్రంథం ఇదేనని సాహిత్య చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. ఆదికవి ఎవరంటే నన్నయ అని ఇంగ్లీషు మీడియంలో చదివిన నేను కూడా చెప్పగలను. మల్లన పేరు మాత్రం ఇంటర్ అయిపోయేదాకా నా చెవిన పడలేదు. ఎంసెట్ కోసం రెండేళ్ళు పొద్దస్తమానం లెక్కలే చేశాం కదా, ఆ రెండేళ్ళలో ఒక్క మాస్టారి నోటా ఈ పేరు రాలేదు.

మల్లన గురించి మనకి దొరికేది దాదాపు అంతా ఆయన పద్యాల్లోంచి ఏరుకున్నదే. తండ్రి పేరు శివన్న. తాత పేరు కూడా మల్లనే. ఈ తాతా మనవళ్ళ పేర్లు ఒకటే అవడం వల్ల పండితుల మధ్య పెద్ద వాదన నడిచింది. రాజమహేంద్రవరం నుంచి వేంగి రాజ్యాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరిని ఒక మల్లనకి దానంగా ఇచ్చాడు. ఆ దానం అందుకున్న మల్లనే లెక్కల పుస్తకం రాశాడని కొందరి వాదన. అలా అయితే ఆయన 11వ శతాబ్దం మధ్యలో నన్నయకి సమకాలికుడు. కాదు, దానం తాతది, పుస్తకం మనవడిది అని మరికొందరు అంటారు. అలా అయితే కవి రెండు తరాలు కిందికి జరిగి 12వ శతాబ్దం మొదట్లోకి వస్తాడు. నాకు రెండో వాదనే నచ్చుతుంది. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నదే. పైగా తాత సంపాదించిన పేరుని తన పద్యంలో చెప్పుకోవాలని ఏ మనవడికైనా అనిపిస్తుంది. ఏ వాదన తీసుకున్నా దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి సంగతి ఇది.

అప్పటి కమ్మనాడు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ముందు మన కళ్ళలోంచి ఎర్రరంగు తుడిచేసుకోవాలి. మిర్చి లేదు. పొగాకూ లేదు. రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడలు వచ్చాకే, అంటే ఇంకో నాలుగైదు వందల ఏళ్ళ తర్వాతే, మన నేలకి చేరాయి. మల్లన ఇంట్లో కారం అంటే మిరియమే. పత్తి మాత్రం ఉంది. నూలు బట్టల వ్యాపారమూ ఉంది. పావులూరికి దగ్గర్లోనే, చీరాల పక్కన మోటుపల్లి రేవు ఉంది. మల్లన తర్వాత శతాబ్దానికి పైగా గడిచాక, 1244లో, కాకతీయ గణపతిదేవుడు ఆ రేవుకి వచ్చే విదేశీ వర్తకులకి అభయం ఇస్తూ శాసనం వేయించాడు. ధాన్యం కొలిచేవాళ్ళు, సరుకు తూచేవాళ్ళు, పన్ను కట్టేవాళ్ళు, పన్ను లెక్క రాసేవాళ్ళు ఉన్న ప్రాంతం. అలాంటిచోట పుట్టినవాడికి లెక్కల పుస్తకం రాయాలనిపించడం నాకేమీ వింత అనిపించదు. వింతల్లా దాన్ని తెలుగులో రాయాలనుకోవడమే.

ఎందుకంటే ఆ లెక్క అప్పటికే సంస్కృతంలో ఉంది. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు గణితసారసంగ్రహం రాశాడు. వెయ్యికి పైగా శ్లోకాలు. అంతకుముందు మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాల్లో ఒకటో రెండో అధ్యాయాలుగా ఉండేది. గ్రహాల గొడవ లేకుండా మొత్తం పుస్తకాన్ని లెక్కలకే ఇచ్చినవాళ్ళలో మహావీరుడు ముఖ్యుడు. మల్లన ఆ పుస్తకాన్ని తీసుకున్నాడు. ఆయన శైవుడు. మూలంలో జినుడికి చేసిన స్తుతుల చోట శివుణ్ణి తెచ్చి పెట్టాడు. ఇప్పుడైతే దీని మీద పెద్ద చర్చే జరిగేది. ఆయన మాత్రం లెక్క ఎవరిదైనా లెక్కే అనుకుని, దేవుణ్ణి మార్చి పద్ధతిని ఉంచేశాడు.

పద్ధతుల్ని కూడా ఉన్నవి ఉన్నట్టు దించలేదు. వర్గం కట్టడానికి మహావీరుడు ఐదు దారులు చెప్తే మల్లన ఒక్కటే ఉంచాడు. ఘనానికి ఏడు దారులుంటే అక్కడా ఒక్కటే. పండితుడికి ఏడు దారులూ ముద్దే. పొలం గట్టు మీద నిలబడి లెక్క వేసేవాడికి ఒక్క దారి గట్టిగా వస్తే చాలు. ఇలా కోసుకుంటూ పోయిన మనిషి ఒక్కచోట మాత్రం చెయ్యి ఆపలేదు. గుణకారం దగ్గర మూలంలో లేని ఉదాహరణలు నలభైకి పైన తెచ్చి చేర్చాడు. వర్గాల కింద ఇంకో ఇరవై దాకా. అవన్నీ ఒకే రకం లెక్కలు.

ఏ రకమో మహావీరుడి ఉదాహరణలతో చెప్తాను. 139ని 109తో గుణించండి. 15151. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. 152207ని 73తో గుణిస్తే 11111111, వరసగా ఎనిమిది ఒకట్లు. 27994681ని 441తో గుణిస్తే 12345654321, మెట్లెక్కి దిగినట్టు. మహావీరుడు వీటిని రాజుల మెడలో వేసే హారాలతో పోల్చాడు. మల్లనకి ఈ హారాలు తెగ నచ్చాయి.

ఇన్ని ఎందుకు చేర్చాడు? అందం కోసమే అనుకోవచ్చు. నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది, ఇది నా ఊహ అనే అనుకోండి. పలక మీదో ఇసకలోనో గుణకారం చేస్తున్న పిల్లాడికి చివరి జవాబు హారంలా వస్తే, సరిగ్గా చేశానని వాడికే తెలిసిపోతుంది. గురువుగారు పక్కన ఉండక్కర్లేదు. మనం ప్రోగ్రాం రాశాక జవాబు ముందే తెలిసిన ఇన్‌పుట్ ఇచ్చి టెస్ట్ చేస్తాం కదా, అదే పని. 15151 బదులు 15251 వస్తే హారం తెగిందని కంటికే కనబడుతుంది.

ఇబ్బంది ఏంటంటే బజార్లో ఎవరూ హారం లెక్కలు ఇవ్వరు. అక్కడ 139 కాదు, 1.39 ఉంటుంది. 13.9 ఉంటుంది. అంకెలు అవే, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క ఎక్కడ పడిందనే దాని మీదే మనిషి బాగుపడ్డాడా మునిగాడా అనేది తేలుతుంది. 1.39ని 1.09తో గుణించాలనుకోండి. 139, 109ల లబ్ధం 15151 అని హారం మనకి ముందే ఇచ్చేసింది. ఇక చుక్క సంగతి. 1.39 అంటే దగ్గర దగ్గర 1.4. 1.09 అంటే 1.1. రెండూ గుణిస్తే 1.54. కాబట్టి జవాబు 1.5151 తప్ప 15.151 కాలేదు, 0.15151 కాలేదు. రెండిటినీ కొంచెం పెంచాం కాబట్టి అసలు జవాబు 1.54 కంటే కొంచెం తగ్గాలి. తగ్గింది కూడా. ఇప్పుడు అవే అంకెల్ని 13.9, 0.109 అని రాయండి. 14లో పదో వంతు 1.4, కాబట్టి మళ్ళీ 1.5151. అదే 0.139, 0.109 అయితే? 0.14లో పదో వంతు 0.014. జవాబు 0.015151. గుణిస్తే సంఖ్య పెరగాలి కదా అని స్కూల్లో మనలో సగం మంది తికమక పడేది ఇక్కడే. ఒకటి కంటే చిన్న సంఖ్యతో గుణిస్తే తగ్గుతుంది. బిందువు తర్వాత ఎన్ని స్థానాలున్నాయో రెండిటిలోనూ లెక్కపెట్టి కూడమని టెక్స్ట్‌బుక్ చెప్తుంది. రూల్ సరైనదే. కానీ లెక్కపెట్టడంలో ఒక స్థానం జారితే ఆ రూల్ మనల్ని హెచ్చరించదు. ఆ పని అంచనా చేస్తుంది.

మల్లన కాలంలో దశాంశ బిందువు లేదు. ఒకట్లు, పదులు, వందలు, సున్నా అన్నీ మనవే, కానీ ఒకటికి దిగువన కూడా పదుల పద్ధతిలోనే రాసుకుంటూ పోవడం యూరప్‌లో పాతుకున్నది 1585లో సైమన్ స్టెవిన్ పుస్తకం తర్వాత. మల్లనవి భిన్నాలు. మహావీరుడి పుస్తకంలో భిన్నాల గుణకారం శొంఠి, మిరియం లాంటి సరుకుల ధరలతో మొదలవుతుంది. పలం ధర ఒక పణంలో ఇంత భాగమైతే, పలంలో ఇంత భాగానికి ఎంత అని. అక్కడ ఒక చక్కటి సూచన ఉంది. గుణించే ముందే పైనున్న లవాన్నీ ఎదురుగా ఉన్న హారాన్నీ అడ్డంగా కొట్టేసుకోమంటాడు. మన స్కూలు భాషలో క్యాన్సిల్ చేయడం. 3/8ని 4/9తో గుణించాలంటే 3, 9ని కొట్టేయండి, 4, 8ని కొట్టేయండి, 1/6 మిగుల్తుంది. అంకెల్ని ముందే చిన్నవి చేసుకుంటే తప్పు జరిగే చోటు తగ్గుతుంది. ఉజ్జాయింపు కూడా దీనికి తోబుట్టువే. ఇక్కడ విలువ మారకుండా చిన్నవి చేస్తున్నాం. అక్కడ కొంచెం మారినా ఫరవాలేదని చేస్తాం.

భిన్నాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను, మన బ్రాంచి వాళ్ళకి నచ్చుతుంది. తెలుగువాళ్ళ పాత లెక్కల్లో ఒకటి కంటే చిన్నవన్నీ నాలుగుల్లో దిగుతాయి. ఒకటిలో నాలుగో వంతు పావు. పావులో నాలుగో వంతు వీసం. కొలతలూ అంతే. తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. ఆ భిన్నాలకి మనకి ప్రత్యేకంగా అంకెలుండేవి. 2008లో యూనికోడ్ 5.1తో వాటికి కోడ్‌లు కూడా ఇచ్చారు. అంటే ఒకటికి పైన పదుల లెక్క, కింద నాలుగుల లెక్క. ఈ పద్ధతిలో మన 0.1 రాసి చూడండి. పావులు సున్నా, వీసం ఒకటి, ఆ తర్వాత రెండు, ఒకటి, రెండు, ఒకటి, ఎప్పటికీ తెగదు. సి లోనో పైథాన్‌లోనో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదని ఫస్టియర్‌లో అందరం ముక్కు మీద వేలేసుకున్నాం కదా. కారణం అదే, రెండుల లెక్కలోనైనా నాలుగుల లెక్కలోనైనా పదో వంతు ఇమడదు. రూపాయికి వంద నయాపైసలు అని 1957 ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టాక మన బజారు ఒకటికి కింద కూడా పదుల్లోకి వచ్చింది. కంప్యూటర్ మాత్రం ఇంకా పావులు, వీసాల దారిలోనే నడుస్తోంది.

మళ్ళీ మల్లన దగ్గరికి. ఆయన పుస్తకం పండితుల ఇళ్ళల్లో ఉండిపోలేదు. ఊరి లెక్కలు రాసే కరణాలు దాన్ని పాఠ్యపుస్తకంలా చదువుకున్నారు, శతాబ్దాల పాటు. మధ్యయుగపు ఆంధ్రదేశంలో కొలతలెలా ఉండేవో రాయాల్సి వచ్చినప్పుడు చరిత్రకారులు ఇప్పటికీ దీన్ని తిరగేస్తారు. మల్లన చేసిన పనిలో నాకు కొంచెం బాధ అనిపించేది ఇక్కడే. సంస్కృతం వాకిలి దాటించి లెక్కని తెలుగులోకి తెచ్చాడు. బాగుంది. కానీ అది కరణం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎవరి పొలం ఎంత, శిస్తు ఎంత, బాకీ ఎంత అనేది కరణం రాసిందే రాత. రైతు వేలిముద్ర వేసేవాడు. 1984 జనవరిలో ప్రభుత్వం కరణాల వ్యవస్థని రద్దు చేసేదాకా మన ఊళ్ళల్లో అదే వరస.

కరణం చేతిలో ఆ పుస్తకం ఉంటే, రైతు చేతిలో ఏముంది? అంచనా ఉంది. మా అమ్మ వాళ్ళ నాన్న ఐదో తరగతితో చదువు ఆపేసిన మిర్చి రైతు. యార్డుకి టిక్కీలు తోలినప్పుడు సెలవులైతే నన్నూ తీసుకెళ్ళేవాడు. ఒక ఏడు కాటా అయ్యాక తూకం 18.65 క్వింటాళ్ళు తేలింది. ధర క్వింటా 13,400. కమీషన్ కొట్లో గుమాస్తా పట్టీ రాసి ఇచ్చాడు. ఖర్చులు కొట్టేయకముందు మొత్తం 2,29,910 అని ఉంది. తాతయ్య కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా పంతొమ్మిది పదమూళ్ళు ఎంతరా అని నన్నడిగాడు. 247 అన్నాను. రెండు లక్షల నలభై ఏడు వేల చుట్టుపక్కల రావాలి, ఇదేంటి ముప్పైకి ఇవతలే ఆగింది అని కాగితం వెనక్కి తోశాడు. గుమాస్తా మళ్ళీ క్యాలిక్యులేటర్ మీద కొట్టాడు. 2,49,910. ఒక్క అంకె, ఇరవై వేలు. కావాలని రాసింది కాదులెండి, పొద్దున్నుంచీ రాసి రాసి ఉన్నాడు. కావాలని రాసినా అలసటతో రాసినా పోయేది మాత్రం మా తాతయ్య ఇరవై వేలే.

ఆయన చేసింది చూడండి. 18.65ని పైకి జరిపి 19 చేశాడు, అంటే సుమారు రెండు శాతం పెంచాడు. 13.4ని కిందికి జరిపి 13 చేశాడు, మూడు శాతం తగ్గించాడు. గుణకారంలో ఈ శాతాలు దాదాపుగా కూడుకుంటాయి. రెండు పెరిగి మూడు తగ్గితే మొత్తం మీద ఒక శాతం తక్కువ. 247కీ 249.91కీ తేడా అంతే. రెండిటినీ కిందికి జరిపి 18, 13 అని ఉంటే 234 వచ్చేది. అప్పుడు తప్పు లెక్కకీ అసలు లెక్కకీ మధ్యలో పడి ఎటూ తేల్చుకోలేకపోయేవాళ్ళం. ఒకటి పెంచితే రెండోది తగ్గించాలన్నది ఆయనకి ఎవరు నేర్పారో నేను అడగలేదు. అంచనాకి ఒక హద్దు ఉందన్నదీ నిజమే. గుమాస్తా 2,49,190 అని రాసి ఉంటే ఈ లెక్కకి దొరికేవాడు కాదు. అంచనా సంఖ్య తలని కాపాడుతుంది, తోకని కాపాడదు.

తల, తోక అన్నాను కాబట్టి మల్లన పేరు మీద అందరికంటే ఎక్కువగా చెప్పుకునే పద్యం గురించి చెప్పాలి. చదరంగం గళ్ళు 64. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అన్ని గళ్ళలోనూ కలిపి ఎన్ని? 18446744073709551615. ఇరవై అంకెలు. మల్లన దీన్ని ఒక చంపకమాలలో ఇరికించాడు. అంకెలు నేరుగా చెప్పకుండా మాటలతో చెప్పాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, గిరులంటే 7, ఏనుగులంటే 8, గగనమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి. ఒకరకంగా ఇదొక ఎన్‌కోడింగ్, డీకోడ్ చేయడానికి పురాణాలు వచ్చి ఉండాలి, అంతే. 64 బిట్లు పట్టే పూర్ణాంకంలో ఇమిడే అతి పెద్ద సంఖ్య ఇదేనని మనలో సి రాసిన ప్రతివాళ్ళకీ తెలుసు.

ఈ పద్యం తాటాకు మీద నుంచి తాటాకు మీదికి తొమ్మిది వందల ఏళ్ళు నడిచింది. రాసేవాడు ఎక్కడైనా ఒక మాట జార్చి ఉంటే? ఇరవై అంకెలు సరిగ్గానే వచ్చాయా లేదా అని కంప్యూటర్ తెరవకుండా చూద్దాం, తాతయ్య పద్ధతిలోనే. రెండుని పదిసార్లు గుణిస్తే 1024. అంటే 1.024 వేలు. అలాంటివి ఆరు గుణిస్తే అరవై రెండ్లు అయిపోతాయి, ఇంకా నాలుగు మిగుల్తాయి, ఆ నాలుగూ కలిసి 16. వేయిని ఆరుసార్లు గుణిస్తే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు. మిగిలింది 1.024ని ఆరుసార్లు గుణించడం. అదనంగా ఉన్న 0.024ని ఆరుసార్లు కలిపితే 0.144. కాబట్టి సుమారు 1.144. పదహారుతో గుణిస్తే 18.3. పక్కన పద్దెనిమిది సున్నాల స్థానాలు, మొత్తం ఇరవై అంకెలు, మొదట్లో 18. పద్యంలోనూ 18తోనే మొదలు. ఇంకొంచెం ఓపిక ఉంటే 0.024 వర్గాన్ని పదిహేనుసార్లు కలపండి. 0.00864 వస్తుంది. ఇప్పుడు 1.15264, పదహారుతో గుణిస్తే 18.44. మల్లన సంఖ్య 18.4467 దగ్గర ఉంది. చిత్తు కాగితం మీద రెండు నిమిషాల పని. తల సరిపోయింది.

తోక కూడా చూడొచ్చు. రెండుని రెట్టిస్తూ పోతే చివరి అంకె 2, 4, 8, 6, మళ్ళీ 2, 4, 8, 6. అరవై నాలుగోది 6. మొత్తం గింజలు దానికంటే ఒకటి తక్కువ కాబట్టి చివర 5. సరిపోయింది. మధ్యలో ఉన్న అంకెలకి కాపలా ఎవరు? ఛందస్సు. ఒక మాట బదులు బరువు తేడా ఉన్న ఇంకో మాట పెడితే గణం చెడుతుంది, పాడుకునేవాడి చెవికి తగులుతుంది. లెక్కల పుస్తకం పద్యాల్లో ఎందుకు, చాదస్తం కాకపోతే అని మొదట నేనూ అనుకున్నాను. కాగితం లేని రోజుల్లో తప్పు పట్టడానికి అంతకంటే చౌకైన సాధనం లేదు.

మహావీరుడి సంస్కృత గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో కలిపి 1912లో మద్రాసులో అచ్చు వేయించారు. ప్రపంచంలో గణిత చరిత్ర రాసేవాళ్ళందరూ దాన్ని చదివారు. మల్లన ఇంకో నలభై ఏళ్ళు తాటాకుల్లోనే ఉండాల్సి వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన మొదటి భాగం 1952లో తిరుపతి నుంచి వచ్చింది. శాస్త్రిగారు ఊరూరూ తిరిగి తాళపత్రాలు పోగుచేసి, తేడాలు సరిచూసిన మనిషి. అన్నమయ్య కీర్తనల విషయంలో ఆయన్ని తలుచుకుంటాం, ఈ లెక్కల పుస్తకం విషయంలో ఎవరం తలుచుకోం.

చివరిగా చిన్న ప్రయోగం. 18446744073709551615ని డబుల్‌లో దాచి, మళ్ళీ చివరి అంకెదాకా ప్రింట్ చేయించండి. చివర 5 ఉండదు, 6 ఉంటుంది. డబుల్‌కి విలువలో 53 బిట్లకే చోటు ఉంది, పదిహేను పదహారు అంకెల తర్వాత అది కూడా అంచనాయే వేస్తుంది. మల్లన పద్యంలో అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలవుతాయి కాబట్టి ఆ చివరి 5 పద్యానికి మొదటి మాట అయింది. శర, అంటే మన్మథుడి ఐదు బాణాలు. చంపకమాలలో నాలుగు పాదాలకీ రెండో అక్షరం ఒకటే ఉండాలి. ఇక్కడ అది ర. దాని బదులు అంతే బరువున్న శశి అని రాస్తే 5 కాస్తా 1 అయిపోతుంది. గణం చెడదు కానీ ప్రాస తెగిపోతుంది, మిగతా మూడు పాదాల్లో ర అలాగే ఉంటుంది.